డయాన్ మేడం కోసం ప్రార్థన

"పెట్టె కిందికి దించు ఎడ్వర్డ్," అన్నాడు గ్రెగ్ సారు మేడమీదనుంచి.

ఎడ్వర్డ్ దించాడు. పెద్ద నీలం పెట్టె. దాన్ని వీధి తలుపు దగ్గర నిలబెట్టి, చొక్కా చేత్తో ముఖం తుడుచుకుని, వంటింటివైపు చూడకుండా కారు దగ్గరికి వెళ్ళిపోయాడు. వేళ్ళు కొంకర్లు పోయేలా ఏసీ తిరుగుతున్న ఇంట్లో డ్రైవరుకి అంత చెమటేమిటని సారు అడగలేదు. కొన్నాళ్ళుగా సారుకి ఆ ఇంట్లో ఒక్క మనిషే కనబడుతోంది, ఆ మనిషిలో ఒక్క తప్పే కనబడుతోంది.

ఆ మనిషి ఆయన భార్య డయాన్ మేడం. ఈ రాత్రి విమానంలో ఆమెను అమెరికా పంపేస్తున్నాడు, మాత్రల అలవాటు మాన్పించే సెంటరుకి. ఆమె అక్కడికి వెళ్ళడం ఇది రెండోసారి. ఏడేళ్ళ హేలీ మాత్రం తండ్రి దగ్గరే ఉంటుంది. రెండోసారి ఆ గడప తొక్కిన తల్లికి కోర్టువాళ్ళు పిల్లని ఇవ్వరని లాయరు ఫోనులో చెప్పాడట. ఆ మాట సారు పొద్దున్న టిఫిను బల్ల దగ్గర, కాఫీ కలుపుకుంటూ చెప్పాడు. హేలీ అక్కడే కూర్చుని ఉంది.

ఇంటి పనిమనిషి రోజీ అప్పుడు వంటింట్లో ఉంది. పెనం మీద పాన్‌కేక్ మాడి పొగ వచ్చేదాకా ఆమెకి ఒంటిమీద స్పృహ లేదు.

తప్పు ఎవరిదో ఆమెకి తెలుసు. అదే ఆమె ప్రాణాన్ని తోడేస్తోంది.

మోకాలి ఆపరేషనప్పుడు సారుకి డాక్టరు రాసిన నొప్పి మాత్రలు సీసాలోంచి మాయమవుతున్నాయి. ఒకప్పుడు మేడం జీవితాన్ని గుల్ల చేసినవి అవే మాత్రలు. ఇక ఇంట్లో వేరే ఎవర్ని అనుమానిస్తారు? రోజీ కూడా మేడమే అనుకుంది. బుధవారం ఉతకడానికి తీసిన ఎడ్వర్డ్ ప్యాంటు జేబులో, టిష్యూ కాగితంలో చుట్టిన మాత్రల పొట్లం చేతికి తగిలేదాకా అలాగే అనుకుంది. కట్టుకున్న మొగుడు దొంగ అని తెలిసిన ఆడది ఏం చేస్తుంది? రోజీ ఆ పొట్లాన్ని సారువాళ్ళ వంటింట్లో కారం డబ్బా వెనక దాచి, బట్టలు ఉతికి ఆరేసింది.

బహ్రెయిన్ వచ్చి, బుదైయాలోని ఆ విల్లాలో చేరిన కొత్తలో ఆమెకి అన్నిటికంటే వింతగా తోచింది వీళ్ళ మాత్రల అల్మరా. మన ఇళ్ళల్లో పచ్చడి జాడీల్లా వరసగా సీసాలు. నిద్రకొకటి, దిగులుకొకటి, నిద్రమాత్ర వేసుకున్న మర్నాడు హుషారుకొకటి. పిల్ల బడిలో కుదురుగా కూర్చోవడానికి కూడా ఒకటి. పిల్లలన్నాక కుదురుగా కూర్చుంటారా అని రోజీ మొదట్లో నవ్వుకుంది. తర్వాత రోజూ పొద్దున్నే పాలతోపాటు ఆ మాత్ర తనే ఇవ్వసాగింది. పనిలో చేరాక ఎంత వింతైనా పనే అయిపోతుంది.

మేడం కథ మేడమే చెప్పింది ఒకసారి, ఇద్దరూ కూర్చుని చిక్కుళ్ళకి ఈనెలు తీస్తున్నప్పుడు. హేలీ పుట్టినప్పుడు కడుపు కోసి తీశారట. డాక్టరు నొప్పికి మాత్రలు రాశాడు. నొప్పి పోయాక కూడా రాస్తూనే ఉన్నాడు. ఆయన మానేసేసరికి ఆమె మానలేకపోయింది. వాటికోసం అబద్ధాలాడింది, అత్తగారి చేతిసంచీ వెతికింది. చివరికి సెంటరులో ఆమెని కూర్చోబెట్టి దారికి తెచ్చిన కౌన్సెలరు, ఒకప్పుడు తానే అవి మింగి జైలుకెళ్ళి వచ్చిన ముసలాయనట.

రోజీ నోరు తెరిచింది. జైలుకెళ్ళొచ్చినవాడికి డాక్టరు పక్కన కుర్చీ వేశారా అని అడిగింది. మేడం పకపకా నవ్వి, ఆ కుర్చీకి ఆయనకంటే తగినవాళ్ళు దొరకరంది.

ఆ నవ్వు ఈ ఇంట్లో వినబడి చాలాకాలమైంది.

"రోజీ, ఒకసారి పైకి రా," అని మేడం పిలిచింది.

*

మేడం మంచం అంచున కూర్చుని ఉంది. తలుపు వెయ్యమంది. ఏడ్చి ఏడ్చి ఓపిక అయిపోయిన ముఖం.

"మీ చర్చిలో నాకోసం ప్రార్థన చేస్తున్నారట కదా?" అంది.

రోజీ వేసిన తలుపుకే ఆనుకుని నిలబడింది.

జరిగింది మేడం నెమ్మదిగా చెప్పింది. అద్లియాలో ఒక బ్యూటీ పార్లరుంది. అందులో పనిచేసే అక్సా, రోజీ ఒకే తెలుగు ఫెలోషిప్‌కి వెళ్తారు. సారుతో పనిచేసే ఒకాయన భార్య మొన్న జుట్టు కత్తిరించుకోవడానికి అక్కడికి వెళ్ళింది. అక్సా ఎంతో దయగా, మీ స్నేహితురాలు డయాన్ మేడంకి ఆ మాత్రలనుంచి విడుదల రావాలని మా సంఘమంతా ప్రార్థిస్తోందండి, అని చెప్పింది. ఆవిడ ఇంటికెళ్ళి మొగుడితో అంది. మొగుడు సారుతో అన్నాడు. సారుకి అప్పటిదాకా అనుమానమే. పనిమనిషి చర్చి మొత్తం ప్రార్థిస్తోందంటే ఇక సాక్ష్యమెందుకు? ఆ సాయంత్రమే టిక్కెట్టు కొన్నాడు.

ప్రార్థన మనవి అంటే తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. శుక్రవారం ఆరాధనలో పాటలయ్యాక, ఎవరికి ఏ బాధ ఉన్నా లేచి నిలబడి చెప్పుకుంటారు. ఒకరి వీసా, ఒకరి కిడ్నీ, ఒకరి కూతురి పరీక్ష. అందరూ కళ్ళు మూసుకుని గట్టిగా ప్రార్థిస్తారు. మంచి పద్ధతే. అయితే కళ్ళు తెరిచాక ఆ మనవి చెప్పులు వేసుకుని బయల్దేరుతుంది. కూలీల క్యాంపులకి పోతుంది, వంటిళ్ళకి పోతుంది, ఫోన్లెక్కుతుంది. మనవాళ్ళు ఎవరి గురించీ చాడీలు చెప్పరు. ప్రార్థించమని చెబుతారు, అంతే.

నెల కిందట రోజీ కూడా అలాగే లేచి, మా మేడం మళ్ళీ ఆ మాత్రల జోలికి వెళ్తోందండి, చిన్నపిల్ల తల్లి, ప్రార్థన చేయండి అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ కన్నీళ్ళు మాత్రం నిజమైనవే.

"మేము కూడా మంగళవారం మంగళవారం ఒక గదిలో కూర్చుంటాం. నాలాంటి వాళ్ళం," అంది మేడం. "నీకు చెప్పాను గుర్తుందా? ఎవరి సిగ్గు వాళ్ళు చెప్పుకుంటాం. విన్నది అక్కడే వదిలేసి లేస్తాం. అదొక్కటే మా నియమం. మీకు అలాంటిదేమీ లేదా రోజీ?"

రోజీ నేల చూపులు చూసింది. తిట్టినా బాగుండేది. ఈ మనిషి తిట్టదు. పని మానెయ్యమని కూడా అనదు.

"నాకు నీమీద కోపం లేదు. ఒక్కటి చెప్పు. నిజమని నమ్మే ప్రార్థించావా?"

"నమ్మే మేడం."

"ఇప్పుడు?"

రోజీ కిటికీవైపు తిరిగింది. అవునంటే అబద్ధం. కాదంటే, మరి ఎవరు అనే ప్రశ్న ఆ వెంటనే వస్తుంది. కిటికీ కింద కారు కడుగుతున్న నీళ్ళ చప్పుడు. ఎడ్వర్డ్ ఆ కారుని పొద్దుటినుంచి కడుగుతూనే ఉన్నాడు.

మేడం ఆమె మౌనాన్ని తనకి తోచినట్టు అర్థం చేసుకుంది. తల ఊపి లేచి, హేలీ బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది. అన్నీ హేలీవే. తన బట్టలు ఎప్పుడో సర్దేసింది.

పరీక్ష చేయించమని తను సారుని ఎంతో బతిమాలానని, రక్తం తీసుకోండి, ఏం కావాలంటే అది తీసుకోండి అన్నానని మెల్లిగా చెప్పింది. బహ్రెయిన్‌లో ఆ పరీక్ష చేయిస్తే ఊరంతా తెలుస్తుందని, ఆఫీసులో తన ముఖం చెల్లదని, ఏ పరీక్షయినా సెంటరులోనే అని సారు అన్నాడట. అమెరికావాళ్ళయితేనేం, పరువు దగ్గరికి వచ్చేసరికి అందరూ ఒకటే.

"ఇవాళ శుక్రవారం కదా. మా గది ఉండదు," అంది మేడం ఉన్నట్టుండి. "ఇలాంటి రోజున ఒంటరిగా ఉండొద్దని, పదిమంది మధ్యకి వెళ్ళి కూర్చోమని మా కౌన్సెలరు చెప్పేవాడు. నన్ను మీ చర్చికి తీసుకెళ్తావా?"

*

విల్లా వెనకాల వాళ్ళిద్దరికీ ఇచ్చిన గదిలో ఎడ్వర్డ్ అప్పటికే అన్నీ వెతికేశాడు. పరుపు తిరగబడి ఉంది. బియ్యం సంచి మూతి విప్పి ఉంది. ముక్కునుంచి నీరు కారుతోంది, ఆవులింత మీద ఆవులింత. చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి.

"ఎక్కడ పెట్టేవే?" అన్నాడు.

"మీరు పైకెళ్ళి సారుతో చెప్పండి. అప్పుడిత్తాను."

"ఏం చెప్పమంటావు?"

"నేనే తీసేనని."

అతను పరుపు అంచున కూలబడ్డాడు. మోకాళ్ళు రెండు చేతుల్తో గట్టిగా పట్టుకున్నాడు.

"కాళ్ళు లాగేత్తన్నాయే. లోపల ఎముకల్ని ఎవరో పిండుతున్నట్టుంది. నేనేమన్నా మత్తు కోసం తిన్నానా? మందు ముట్టనోణ్ణి. సిగరెట్టు కాల్చనోణ్ణి. ఆ మొదటిది నాకెవరిచ్చేరు? సారే. సోఫా దింపినప్పుడు నడుం పట్టేత్తే, ఇది వేసుకో, రేపటికి లేచి తిరుగుతావని ఆయన చేత్తోనే ఇచ్చేడు. ఆ తర్వాత కూడా ఇచ్చేడు. ఆయన ఇవ్వడం మానేసేడు. నా ఒళ్ళు మానలేదు."

రోజీకి జాలేసింది. జాలి వేసినందుకు ఒళ్ళు మండింది. మేడం చెప్పిన కథ కూడా అచ్చం ఇలాగే మొదలైంది కదా అనుకుంది.

"నెల కిందట ఫెలోషిప్‌లో నేను లేచి మేడం కోసం ప్రార్థించమన్నాను," అంది. "మీరు ఎదురుగుండా డోలక్ పట్టుకుని కూచున్నారు. మీ జేబులో అవి ఉన్నాయప్పుడు. ఉన్నాయా లేదా?"

అతను ఖాళీ జేబుమీద చెయ్యి వేసుకున్నాడు.

"అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది మీరే."

బయట పక్క విల్లా తోటలో నీళ్ళు చిమ్ముతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఎడ్వర్డే ముందు నోరు విప్పాడు. గొంతు బాగా తగ్గిపోయింది.

"ఆళ్ళకయితే ఇది జబ్బు రోజీ. దానికో సెంటరు, ఓ డాక్టరు, పక్కన కూచోబెట్టుకుని మాటాడ్డానికో మనిషి. అదే మనకయితే దొంగతనం. పోలీసు, జైలు, ఆపైన ఇండియా విమానం. వీసా ఇచ్చిన అరబ్బు, ఆ కఫీల్ దగ్గర మన పాస్‌పోర్టులున్నాయి. నీకూ నాకూ ఒకే వీసా. ఆవిడకి పోయేదేంటి చెప్పు? నాలుగు నెలలు మంచి ఆస్పత్రిలో ఉంటాది."

"పిల్ల పోద్ది."

హేలీని రోజూ బడికి తీసుకెళ్ళేది అతనే. కారులో ఆ పిల్లకి తెలుగు పాటలు నేర్పింది కూడా అతనే. ముఖం చేతుల్లో దాచుకున్నాడు.

"ఆవిడ వెళ్ళేక మానేత్తాను. ప్రభువు తోడు," అన్నాడు.

"ప్రభువుని ఇందులోకి లాగకండి."

మేడం ఫెలోషిప్‌కి వస్తానంటోందని చెప్పేసరికి అతను తలెత్తి వెర్రిచూపు చూశాడు. వద్దని చెప్పమన్నాడు. తన వల్ల కాలేదని రోజీ అంది. ఏ ముఖం పెట్టుకుని వద్దనాలి?

మేడం కారు దగ్గర ఎదురుచూస్తోంది. స్టీరింగు పట్టుకోవలసిన చేతులు రోజీ కళ్ళముందే వణుకుతున్నాయి. బుదైయానుంచి ముహర్రక్ వంతెన దాటి చర్చి ఉన్న బుసైతీన్ దాకా వెళ్ళాలి. ఈ చేతుల్తో ఎలా? రోజీ సారువాళ్ళ వంటింట్లోకి వెళ్ళి, కారం డబ్బా వెనకనుంచి పొట్లం తీసి, ఒక మాత్ర తెచ్చి అతని అరచేతిలో పెట్టింది. మంచినీళ్ళు కూడా తనే ఇచ్చింది.

అతను మింగాడు. "దేవుడు నిన్ను చల్లగా చూడాలి," అన్నాడు.

రోజీ అలాంటి దీవెన పగవాళ్ళకి కూడా వద్దనుకుంది.

*

బుసైతీన్‌లో మూసేసిన కుర్చీల కొట్టు పైన ఉన్న హాలే వాళ్ళ చర్చి. చాపలు పరిచి మగవాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళు ఒక వైపు. సంఘపెద్ద తోమాగారు ఒక ఏసీ కంపెనీలో స్టోర్‌కీపరు. మంచి మనిషి. ఎవరు చనిపోయినా శవపెట్టె ఇండియా చేరేదాకా నిద్రపోడు. అందుకే ఆయన మాటంటే అందరికీ గురి.

డయాన్ మేడం చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టేసరికి పాట తడబడింది. నెల రోజులుగా ఎవరికోసం మొర పెట్టుకుంటున్నారో ఆ మనిషి ఎదుటికి వచ్చింది. ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు. అక్సా పరుగున వచ్చి, వందనాలు మేడం, అని చెయ్యి పట్టుకుంది. తను పార్లరులో అన్న మాట ఏం చేసిందో ఆ పిల్లకి తెలియదు. తెల్ల చీరలో కళకళలాడుతోంది.

ఎడ్వర్డ్ డోలక్ ముందుకు లాక్కున్నాడు. మాత్ర పనిచేసింది కాబోలు, వేళ్ళు చక్కగా పలుకుతున్నాయి. ఇవాళ బ్రదర్ వాయింపులో దేవుడి ఆత్మ అభిషేకం ఉందని రోజీ వెనక ఎవరో అన్నారు. రోజీకి అక్కడికక్కడ చచ్చిపోవాలనిపించింది.

మనవులు చెప్పుకునే వేళ మేడం తానే లేచింది. నాలుగు మాటలు చెప్పొచ్చా అని అడిగింది. తోమాగారు సంతోషంగా తల ఊపి, తర్జుమా చెయ్యడానికి అక్సాని లెమ్మన్నాడు. మేడం మాత్రం రోజీ భుజం మీద చెయ్యి వేసింది.

"రోజీ చెబుతుంది. నా ఇంట్లో మనిషి," అంది.

మన చర్చిల్లో తర్జుమా అంటే బోధకుడి పక్కన నిలబడి, ఆయన 'నేను' అంటే 'నేను' అనాలి. రోజీ మిషన్ స్కూల్లో పదో తరగతి దాకా చదివింది. ఇంగ్లీషు ఆమెకి కష్టం కాదు. లేవడమే కష్టమైంది.

"నా పేరు డయాన్. నేను మాత్రలకి బానిసని," అని చెప్పింది రోజీ, మేడం వెనకాలే.

హాలంతా స్తోత్రం అంది. ఒప్పేసుకుంది, ప్రార్థన ఫలించింది అనుకున్నారు. కొందరు చేతులెత్తారు. మేడం వాళ్ళ మంగళవారం గదిలో ప్రతివాళ్ళూ మాట ఇలాగే మొదలుపెడతారని, మానేసి ఎన్నేళ్ళయినా ఆ మాట మానరని వీళ్ళకేం తెలుసు?

"మానేసి ఏడాది దాటింది. ఈ ఏడాదిలో ఒక్కటి కూడా నోట్లో వేసుకోలేదు," అంది రోజీ.

స్తోత్రాలు ఆగిపోయాయి. తోమాగారు నుదురు ముడిపెట్టి రోజీ వంక చూశాడు. తర్జుమా సరిగ్గా చేస్తున్నావా అన్నట్టుంది ఆ చూపు. రోజీ అవునని తల ఊపింది.

మేడం నెమ్మదిగా, ఒక్కో వాక్యం ఆగి ఆగి చెప్పింది. మా ఇంట్లో మాత్రలు పోతున్నది నిజమే. తీస్తున్నది నేను కాదు. ఎవరో నాకు తెలియదు. ఎవరైనా సరే, వాళ్ళమీద నాకు కోపం లేదు. అవి దొరకని పూట ఆ ఒళ్ళు ఎంత నరకం చూస్తుందో నాకు తెలుసు. నేనూ దొంగతనం చేశాను. ఆ మనిషి నా దగ్గరికి వస్తే చెయ్యి పట్టుకుని మా గదికి తీసుకెళ్తాను, పక్కనే కూర్చుంటాను. నన్ను అలాగే ఎవరో కూర్చోబెట్టారు కాబట్టి ఇవాళ ఇలా నిలబడ్డాను.

రోజీ ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పింది. డోలక్ మీద ఎడ్వర్డ్ అరచేతులు కదలకుండా ఉన్నాయి. అతను తల ఎత్తలేదు.

"కానీ ఈ రాత్రి నా బిడ్డని నా దగ్గరనుంచి తీసేసుకుంటున్నారు," అంది మేడం. ఆ తర్వాత ఇక మాట్లాడలేకపోయింది.

రోజీ ఆ మాట కూడా చెప్పింది. చెప్పి కూర్చోవాలి. తర్జుమా అయిపోయింది. ఆమె కూర్చోలేకపోయింది.

"ఆ మాత్రలు తీసింది మా ఆయనండి," అంది.

మేడం కళ్ళు తుడుచుకుంటూ తల ఊపింది. రోజీ ఇంకా తన మాటలే చెబుతోందనుకుంది.

"బుధవారం నాకు తెలిసింది. తెలిసీ నోరు మూసుకున్నాను. ఇందాక వచ్చేముందు ఒకటి నా చేత్తోనే ఇచ్చేను. ఈవిడ మీద ప్రార్థన పెట్టించింది నేను. ఆ ప్రార్థన పట్టుకునే ఈవిణ్ణి పంపేత్తన్నారు. అక్సా, నువ్వు పార్లర్లో చెప్పేవు కదా, ఆ మాట సారుదాకా వెళ్ళింది."

అక్సా ముఖంలో నెత్తురు చుక్క లేదు. మగవాళ్ళందరూ ఎడ్వర్డ్ వైపు తిరిగారు.

ఎడ్వర్డ్ కాదనలేదు. డోలక్ మీదికి ఒరిగి, భుజాలు కదిలేలా ఏడ్చాడు.

"ఆవిడకి తెలుగు వచ్చా?" అని ఆడవాళ్ళలోంచి ఎవరో గుసగుసగా అడిగారు.

రాదని ఇంకెవరో అన్నారు. అప్పుడు హాలంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. ఆ ఊపిరి చప్పుడు రోజీకి వినబడింది. తనకీ, తనకి తెలియకుండానే, కాస్త తేలికపడినట్టయింది. అది తెలిసి తనమీద తనకే రోత పుట్టింది.

తోమాగారు లేచి ఆమె దగ్గరికి వచ్చాడు. ఆయన కళ్ళు కూడా చెమర్చాయి.

"చెప్పుకున్నావు, మంచిది తల్లీ," అన్నాడు మెల్లిగా. "ఎడ్వర్డ్ సంగతి మేం చూసుకుంటాం. రేపటినుంచి ఉపవాసం పెడదాం. ఒక్కణ్ణీ వదలం, వంతులేసుకుని పక్కన పడుకుంటాం. కానీ ఈ సంగతి బయటికి పొక్కకూడదు. పోలీసుల దాకా పోతే మన పిల్లోడు మనకి దక్కడు. ఆవిడ అమెరికా మనిషి. ఆవిడకి లాయర్లున్నారు, డాక్టర్లున్నారు. ఎలాగోలా గట్టెక్కుతాది."

"పిల్లో, అన్నయ్యగారూ?"

తోమాగారు ఆ మాట విననట్టే వెనక్కి తిరిగాడు. చేతులెత్తి ప్రార్థన మొదలుపెట్టాడు. అందరూ కలిశారు. ఇంత గట్టిగా ఆ హాల్లో ఎన్నడూ ప్రార్థించలేదు. ఆడవాళ్ళు మేడం చుట్టూ చేరి ఆమె తలమీద, వీపుమీద చేతులు వేసి ఏడుస్తున్నారు. ఆ ఏడుపుల్లో దొంగ ఏడుపు ఒక్కటీ లేదు.

మేడం రోజీ చెవి దగ్గరికి వంగింది.

"నేను ఆపేశాక నువ్వు చాలాసేపు మాట్లాడావు. ఏం చెప్పావు?"

రోజీ పెదవులు కదిలాయి. అంతలో అక్సా ముందుకు వచ్చింది. ఒకసారి రోజీ ముఖంలోకి చూసింది, డోలక్ పక్కన ముడుచుకున్న బ్రదర్‌ని చూసింది, మంచి ఇంగ్లీషులో గడగడా చెప్పేసింది.

"మీకోసం ప్రార్థించమని బతిమాలింది మేడం. అందరూ మీకోసమే ప్రార్థిస్తున్నారు."

మేడం చుట్టూ చూసింది. ఎవరి కళ్ళు చూసినా నీళ్ళే. ఆమె ముఖంలో చాలా రోజులకి కాస్త వెలుగు వచ్చింది.

"వీళ్ళు నన్ను నమ్మారా రోజీ?"

ఈ ప్రశ్నకి రోజీ అబద్ధం చెప్పనక్కర్లేదు. ఆ హాల్లో నిలబడ్డ ప్రతివాళ్ళకీ ఇప్పుడు ఆమె నిర్దోషి అని తెలుసు.

"నమ్మారు మేడం," అంది. "అందరూ నమ్మారు."

మేడం ఆమెని గట్టిగా వాటేసుకుంది. ఒక్కరు నమ్మినా చాలనుకున్నానని, ఇంతమంది నమ్ముతారని అనుకోలేదని ఏడుస్తూనే నవ్వింది. అక్సా ముఖం పక్కకి తిప్పుకుంది. తోమాగారు తాళాలు వెతుకుతున్నట్టు జేబులు తడుముకున్నాడు.

"అయితే ఇంటికి వెళ్దాం పద," అంది మేడం. "ఈ మాట గ్రెగ్‌తో నువ్వే చెప్పు. నేను చెబితే వినడు. నువ్వు చెబితే వింటాడు రోజీ. నా గురించి నువ్వు చెప్పింది ఇదివరకు విన్నాడు కదా."

మెట్ల కింద ఎడ్వర్డ్ అప్పటికే కారు వెనక తలుపు తెరిచి, తల వంచుకుని నిలబడి ఉన్నాడు. మేడం అతని భుజం తట్టి, నీ డోలక్ బాగుంది అని చెప్పి, రోజీ చెయ్యి వదలకుండానే కారెక్కింది.